ఇంకా కడుతున్న రోలర్ కోస్టర్ ఫోటోలు చూసి అది ఎలాంటిదో చెప్పగలమా?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. ఒక పార్కులో కొత్త రోలర్ కోస్టర్ పని మొదలైంది. పార్కు వాళ్లు ఇంకా నోరు విప్పలేదు. పక్కనున్న ఎత్తైన రైడ్ మీద నుంచి తీసిన మూడు ఫోటోలు మీరు పెట్టారు. ఒకదాంట్లో 38 కాంక్రీట్ దిమ్మెలున్నాయి, వాటిలో 14 ఒకే వరుసలో దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండోదాంట్లో నీలం రంగు ట్రాక్ ముక్కలు, మూడోదాంట్లో ఒక లోతైన గొయ్యి. స్థలం సుమారు 160 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు అన్నారు. మీ అభిమానుల గుంపులో ఒకరు 100 మీటర్ల ఎత్తంటున్నారు, ఒకరు లాంచ్ కోస్టర్ (కొండెక్కించి వదలకుండా బండిని ఒక్కసారిగా ముందుకు విసిరేది) అంటున్నారు, ఇంకొకరు ఏడుసార్లు తలకిందులు చేస్తుందంటున్నారు. ఎవరిని నమ్మాలని అడిగారు.

సూటిగా చెప్తాను. 100 మీటర్లు ఆ స్థలంలో పట్టదు. లాంచ్ కాకపోవచ్చు, ఆ 14 దిమ్మెల వరుస బ్రేక్ రన్, అంటే చివర్లో బండి వేగం తగ్గించి ఆపే తిన్నని దారి అని నాకు ముప్పాతిక వంతు నమ్మకం. తలకిందుల మలుపు ఒక్కటైనా ఖాయంగా ఉంది, ఏడు అని చెప్పడానికి మాత్రం ఈ ఫోటోల్లో ఆధారం లేదు. ఎత్తు 40, 45 మీటర్ల దగ్గర ఆగుతుందని నా అంచనా. ఎలా చెప్పానో ఒక్కొక్కటిగా రాస్తాను, రేపు ఇంకో ఫోటో వచ్చినప్పుడు మీరే చదువుకోగలగాలి.

నేను 20 ఏళ్లకు పైగా రైడ్ల పునాదులు, ఉక్కు నిలబెట్టే పనుల్లో ఉన్నాను. కాంక్రీట్ వేయించడం, బోల్టులు సరిచూడడం, స్తంభం ఎక్కించాక ట్రాక్ ముక్క దాని మీద కూర్చునేదాకా వెంట ఉండడం నా పని. అంతకంటే ముందు నుంచీ కోస్టర్లంటే ప్రాణం. అందుకే ఇలాంటి ప్రశ్న కనబడితే వదలలేను.

ముందు నేలను చూడండి. అందరూ ట్రాక్ కోసం ఎదురుచూస్తారు. ట్రాక్ వచ్చేసరికే సగం కథ నేల మీద రాసి ఉంటుంది. మీ మొదటి ఫోటోను పెద్దది చేసి కుడివైపు చివరి దిమ్మె చూడండి. పైన బోల్టులు గుండ్రంగా నిలబడి ఉన్నాయి, వాటికి ప్లాస్టిక్ చుట్టి ఉంది. మరలకు సిమెంటు పాలు అంటకుండా, తుప్పు పట్టకుండా గ్రీజు పూసి అలా చుడతాం. ఆ బోల్టులు కింద ఊచల పంజరంలో లోతుగా దిగి ఉంటాయి. కాంక్రీట్ పోసేటప్పుడు అవి పక్కకు జరగకుండా పైన రంధ్రాలున్న ఉక్కు రేకు బిగిస్తాం, సర్వే చేసేవాళ్లు పరికరంతో ఒక్కో దిమ్మెనూ మిల్లీమీటర్లలో చూస్తారు. కాంక్రీట్ గట్టిపడ్డాక స్తంభం అడుగు పలకను నట్ల మీద కూర్చోబెట్టి, పైకీ కిందికీ తిప్పి మట్టం సరిచేసి, పలక కింద మిగిలిన సందులో గ్రౌట్ అనే పలచటి సిమెంటు ముద్ద నింపుతాం. ఫోటోలో స్తంభం కింద ఆ సందు ఖాళీగా కనబడితే పని ఇంకా సర్దుబాటులోనే ఉందని అర్థం. బూడిద రంగు గ్రౌట్ నిండి ఉంటే ఆ స్తంభం తన చోట స్థిరపడినట్టే.

ఇక దిమ్మె పై ముఖం ఎటు వాలి ఉందో చూడండి. చదునుగా ఉంటే మామూలుగా నిలువు స్తంభం వస్తుంది. రెండు దిమ్మెలు ఒకదాని వైపు ఒకటి వాలి ఉంటే ఆ రెంటి మీదా కాళ్లు చాచి నిలబడే జంట స్తంభం వస్తుంది, ట్రాక్ వాటి నడుమ మీదుగా పోతుంది. కాళ్ల మధ్య దూరం ఎక్కువైతే పైన ఎత్తో, పక్కకు తోసే బలమో ఎక్కువని అనుకోవచ్చు. ఒకే వైపు వాలిన దిమ్మె ఒంటరిగా కనబడితే అక్కడ బండి వేగంగా మలుపు తిరుగుతుంది, ఆ తోపును ఆపడానికి పెట్టిన ఊతకాలు అది. మీ ఫోటోలో ఎడమ మూల అలాంటివి మూడున్నాయి, వాటిని కలిపి గీత గీస్తే చక్కటి వంపు వస్తుంది. మొదటి పెద్ద మలుపు అక్కడే ఉండొచ్చు.

దిమ్మె పెద్దది కాబట్టి రైడ్ పెద్దదే అనుకోకండి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. నేను పనిచేసిన ఒక చోట పూడ్చిన చెరువు మీద పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కే చిన్న కోస్టర్ కట్టాం, ఎత్తు 20 మీటర్ల లోపే. నేలలో పట్టు లేక ప్రతి దిమ్మె కిందా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే పునాది స్తంభాలు దింపాల్సి వచ్చింది, దిమ్మెలు ఒక్కోటి చిన్న గదంత అయ్యాయి. బయట ఫోటోలు చూసినవాళ్లు ఇది దేశంలోనే పెద్దదని తేల్చేశారు. తెరిచిన రోజు అదే రైడ్ చూసి పెదవి విరిచారు. రైడ్ చాలా బాగుంది, పిల్లలు దిగి మళ్లీ వరుసలోకి పరిగెత్తేవాళ్లు. ఆ నిరాశ మొత్తం తప్పుడు అంచనా వల్ల వచ్చింది, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. దిమ్మె కొలత నేల గురించి చెప్తుంది, గాలి గురించి చెప్తుంది, ఆ చోట ట్రాక్ ఎటు తోస్తుందో చెప్తుంది. ఎత్తు గురించి అన్నిటికంటే చివర చెప్తుంది.

ఇప్పుడు 100 మీటర్ల విషయం. దీనికి ఫోటోల కంటే లెక్క బాగా పనికొస్తుంది, స్కూల్లో చదివిన భౌతికశాస్త్రం చాలు. ఎత్తు నుంచి దిగిన బండికి కింద వచ్చే వేగం, ఘర్షణ వదిలేస్తే, ఎత్తును 19.6తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు మీటర్లలో వస్తుంది. 100 మీటర్లకు 44 మీటర్లు, అంటే గంటకు 159 కిలోమీటర్లు. ఈ సూత్రం నిజంగా పనిచేస్తుందా అని సందేహమొస్తే అమెరికాలోని సీడార్ పాయింట్ పార్కులో 2000లో వచ్చిన మిలీనియం ఫోర్స్ చూడండి. దాని దిగుడు 300 అడుగులు, సుమారు 91 మీటర్లు. సూత్రం ప్రకారం గంటకు 152 కిలోమీటర్లు రావాలి, పార్కు చెప్పే వేగం 150.

ఆ వేగంతో కిందికొచ్చిన బండిని మళ్లీ పైకి తిప్పాలంటే వంపు ఎంత పెద్దదుండాలి? అడుగున కూర్చున్న మనిషికి తన బరువుకు నాలుగు రెట్లు అనిపించేదాకా తట్టుకుంటాడనుకుందాం, పెద్ద కోస్టర్లలో దిగుడు అడుగున దాదాపు అలాగే ఉంటుంది. అందులో ఒక వంతు అతని సొంత బరువు, మిగతా మూడు వంతులు వంపు వల్ల వచ్చేవి. లెక్క సరళం చేస్తే గుర్తుపెట్టుకోదగ్గ మాట ఒకటి మిగులుతుంది: దిగుడు అడుగున వంపు వ్యాసార్ధం, దిగే ఎత్తులో మూడింట రెండొంతులు ఉండాలి. 100 మీటర్ల దిగుడుకు 67 మీటర్ల వ్యాసార్ధం కావాలి. దిగి నేలకు సమాంతరమవడానికే దాదాపు 65 మీటర్ల నేల పోతుంది, మళ్లీ నిటారుగా లేవడానికి ఇంకో 65. పైకెక్కే లిఫ్ట్ 45 డిగ్రీల వాలులో ఉన్నా 100 మీటర్లు తింటుంది. మీ స్థలం పొడవు 160. పోనీ లిఫ్ట్‌ను నిలువుగా పెట్టారనుకుందాం, పొడవు ఎలాగో సర్దారనుకుందాం. 80 మీటర్ల వెడల్పులో చివరికంటా వాడుకున్నా మలుపు వ్యాసార్ధం 40 మీటర్లు దాటదు. ఆ వేగంలో నేల దగ్గర అలా మలిపితే వంపు వల్ల వచ్చేదే బరువుకు ఐదు రెట్లవుతుంది. మనుషుల్ని కూర్చోబెట్టి ఎవరూ అలా సగం చుట్టు తిప్పరు.

నిటారుగా టవర్ మీదికి విసిరి అదే దారిన వెనక్కి దింపే రైడ్ కావచ్చు కదా అని మీ గుంపులో ఎవరైనా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దానికీ టవర్ అడుగున అదే వంపు కావాలి, పైగా బండిని ఆ వేగానికి తేవడానికి పొడవాటి తిన్నని దారి కావాలి. మీ ఫోటోలో ఆ రెండూ లేవు.

అదే 45 మీటర్ల దిగుడు తీసుకోండి. వేగం గంటకు 107 కిలోమీటర్ల లోపు, వంపు వ్యాసార్ధం 30 మీటర్లు, 45 డిగ్రీల లిఫ్ట్‌కు 45 మీటర్ల నేల. మీ స్థలంలో ఇది హాయిగా కూర్చుంటుంది, ఇంకా మలుపులకు చోటు మిగులుతుంది. నేను 40, 45 అన్నది ఇందుకే.

ఫోటోలోంచి కొలతలు తీయాలంటే పక్కన తెలిసిన వస్తువు ఉండాలి. సైట్లలో దాదాపు ఎప్పుడూ ఉండేది సరుకు కంటైనర్. పెద్దదాని పొడవు 12.2 మీటర్లు, మామూలుదాని ఎత్తు 2.6 మీటర్లు. ట్రాక్ ముక్క పక్కనే, కెమెరాకు అదే దూరంలో కంటైనర్ ఉంటే కొలత బాగానే వస్తుంది. ముందుదో వెనకదో అయితే మోసపోతారు, ముఖ్యంగా బాగా జూమ్ చేసిన ఫోటోల్లో దూరాలు నొక్కుకుపోయి కనిపిస్తాయి.

ఆ 14 దిమ్మెల వరుస. దగ్గరదగ్గరగా, తిన్నగా, ఒకే మట్టంలో దిమ్మెలు కనబడితే అది మూడింటిలో ఒకటి: స్టేషన్, లాంచ్, బ్రేక్ రన్. బండిని తోసేచోటా, ఆపేచోటా ట్రాక్ మీద పొడవునా బలం పడుతుంది, ట్రాక్ ఊగకూడదు, అందుకే కాళ్లు దగ్గరగా వస్తాయి. మీ వరుస 40 మీటర్ల దాకా ఉన్నట్టుంది. లాంచ్ అయ్యే అవకాశం నేను కొట్టిపారేయను. బండిని స్వేచ్ఛగా పడే వస్తువు అందుకునేంత తొందరగా తోస్తే 40 మీటర్లలో గంటకు 100 కిలోమీటర్లు అందుకుంటుంది. అందులో సగం తొందరతో తోస్తే 80 మీటర్లు కావాలి.

అయినా బ్రేక్ రన్ అని ఎందుకంటున్నానంటే, వరుస పక్కనే ఉన్న కాంక్రీట్ పలకను చూడండి. దాని నడుమ పొడవునా కందకం వదిలారు. బండి అడుగు భాగం, దాన్ని కదిలించే టైర్ల మోటార్లు ఉండే చోటు అది. స్టేషన్ అదే. మీ వరుస సరిగ్గా స్టేషన్ వెనక నుంచి వచ్చి చేరుతోంది, చివర్లో పక్కకు ఇంకో చిన్న వరుస ఉంది. ఆ చిన్నది బండిని పక్కకు తప్పించి షెడ్డులోకి తీసుకుపోయే దారిలా ఉంది. బ్రేక్ రన్, దాని పక్కన షెడ్డు, ముందు స్టేషన్ అన్నది చాలా మామూలు అమరిక.

నేను మొదట్లో ఒకసారి ఇలాంటి వరుసనే చూసి లాంచ్ అని తోటివాళ్లకు గట్టిగా చెప్పాను. నెల తర్వాత పెట్టెలు విప్పితే అందులో అయస్కాంత బ్రేకుల రేకులున్నాయి. అప్పటి నుంచి కరెంటు ఎటు నుంచి వస్తుందో చూడకుండా లాంచ్ అనే మాట అనను. లీనియర్ మోటార్లతో (ట్రాక్ పొడవునా పరిచి బండిని తిన్నగా తోసే విద్యుత్ మోటార్లు) బండిని కొన్ని సెకన్లలో విసరాలంటే ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి. లాంచ్ పక్కనే పెద్ద విద్యుత్ గది, లావుపాటి కేబుళ్లకు వెడల్పాటి కాలువలు తవ్వుతారు. అయస్కాంత బ్రేకుకు అసలు కరెంటే అక్కర్లేదు, అయస్కాంతాల మధ్య లోహపు రేకు దూసుకుపోతే చాలు, వేగం తగ్గుతుంది. అందుకే అది కరెంటు పోయినా పనిచేస్తుంది. మీ ఫోటోలో ఆ వరుస పొడవునా కేబుల్ కాలువ నాకు కనబడలేదు. వచ్చే నెల కనబడితే నా మాట మార్చుకుంటాను.

ఇంకో గుర్తు చెప్తాను, దీన్ని అభిమానులు పట్టించుకోవడం తక్కువ. మెట్లు ఎక్కడ కడుతున్నారో చూడండి. బండి ఆగే అవకాశమున్న ప్రతిచోటా మనుషుల్ని దించడానికి దారి ఉండాలి. లిఫ్ట్ పక్కన మెట్లు ఉంటాయి, బ్రేక్ రన్ పక్కన నడిచే దారి ఉంటుంది. రైడ్ మధ్యలో ఎత్తు మీద చదునైన ట్రాక్ ముక్క, దాని పక్కన కింది దాకా మెట్లు కనబడితే అది మధ్య బ్రేక్. రోలర్ కోస్టర్ దారిని భాగాలుగా విడదీస్తారు, ఒక భాగంలో ఒకే బండి ఉండాలి, ముందు భాగం ఖాళీ అయితేనే వెనక బండిని వదులుతారు. కాబట్టి మూడు బండ్లు తిప్పాలంటే కనీసం నాలుగు భాగాలు కావాలి. మెట్లు, బ్రేకులు లెక్కపెడితే ఎన్ని బండ్లు తిరుగుతాయో, వరుసలో ఎంతసేపు నిలబడాలో కూడా ముందే ఊహించవచ్చు. మీ ఫోటోల ప్రకారం లిఫ్ట్, చివరి బ్రేకు, స్టేషన్ మాత్రమే కనబడుతున్నాయి. అంటే ప్రస్తుతానికి రెండు బండ్లు.

ఇక నీలం రంగు ట్రాక్ ముక్కలు. మీ గుంపులో ఒకరు ఇది స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబిల్లార్డ్ తయారీ అన్నారు, అభిమానులు బీ అండ్ ఎం అంటారు. వాళ్లు చూసింది సరైన గుర్తే. రెండు గొట్టపు పట్టాల కింద చతురస్రాకారపు పెట్టెలాంటి వెన్నుగొట్టం ఆ సంస్థ ముద్ర. ఆ పెట్టె లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బండి పోతుంటే దూరానికి వినబడేంత హోరు వస్తుంది, ఆ హోరు అణచడానికి కొన్ని చోట్ల అందులో ఇసుక నింపుతారు. అయితే పెట్టె వెన్ను ఒక్కటే చూసి సంతకం చేయలేం. బోలిగర్, మాబిల్లార్డ్ 1988లో సొంత సంస్థ పెట్టక ముందు జియోవానోలా అనే స్విస్ సంస్థలో పనిచేశారు. ఆ జియోవానోలా తర్వాత కట్టిన గోలియత్, టైటన్ కోస్టర్ల ట్రాక్ కూడా ఇలాగే ఉంటుంది. వేరే చోట్ల కూడా ఈ ఆకారాన్ని అనుకరించినవాళ్లున్నారు.

మిగతా సంస్థలకూ ఇలాంటి గుర్తులున్నాయి. ఇంటామిన్ ఎత్తైన చోట్ల మూడు గొట్టాలను త్రికోణంగా, లేదా నాలుగింటిని పెట్టెలా జాలీ అల్లి వాడుతుంది. అమెరికాలోని రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ వాళ్ల ఐ-బాక్స్ ట్రాక్‌కు గుండ్రటి పట్టాలే ఉండవు, ఉక్కు పలకలతో కట్టినది, పాత చెక్క కోస్టర్ల నిర్మాణం మీదే కూర్చోబెడతారు. సీడార్ పాయింట్‌లో 1991 నాటి మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్‌ను 2016లో మూసేశారు. అదే 2018లో స్టీల్ వెంజెన్స్‌గా తెరుచుకుంది, నాలుగు తలకిందుల మలుపులతో. పార్కు అధికారికంగా చెప్పేలోపే ఆ పలకల ట్రాక్ ఫోటోలు చూసి జనం గుర్తుపట్టేశారు. పట్టా ఆకారం అంత గట్టి సాక్ష్యం. ఒకే ఒక గుండ్రటి వెన్నుగొట్టం ఉన్న ట్రాక్ మాత్రం ఎన్నో సంస్థలు వాడతాయి, దాన్ని బట్టి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి.

తలకిందుల మలుపుల లెక్క దిమ్మెల నుంచి రాదు. ట్రాక్ పడుకోబెట్టిన మైదానం నుంచే వస్తుంది. మీ రెండో ఫోటోలో వెనక వరుసలో నాలుగో ముక్క చూడండి. ఒక చివర పట్టాలు పక్కపక్కన ఉన్నాయి, ఇంకో చివరకు వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. ఒక్క ముక్కలోనే పావు వంతు మెలిక తిరిగింది, వెన్నుగొట్టం మాత్రం దాదాపు తిన్నగానే ఉంది. మామూలు మలుపులో వాలు పెరుగుతుంటే ట్రాక్ కూడా వంగుతుంది. ఇలా తిన్నగా ఉండి మెలిక మాత్రమే తిరిగితే అది బండిని తన ఇరుసు మీదే తిప్పేసే మెలిక. అందుకే ఒక్కటి ఖాయమన్నాను. ముక్కల మీద రంగుతో రాసిన అంకెలుంటాయి, అవి నిలబెట్టే వరుసను చెప్తాయి. అవి స్పష్టంగా పడేలా ఫోటో తీయగలిగితే రైడ్ ఏ క్రమంలో సాగుతుందో కూడా కూర్చుకోవచ్చు. ఏడు అన్నవారు బహుశా అదే సంస్థ కట్టిన ఇంకో కోస్టర్‌ను మనసులో పెట్టుకుని అన్నారు.

మూడో ఫోటోలో గొయ్యి గురించి మీరు అడగలేదు, కానీ నన్ను ఎక్కువ ఊరించింది అదే. గొయ్యి కనబడగానే సొరంగం అంటారు. సగం సార్లు అది వాననీటి ట్యాంకో, పంపు గదో అవుతుంది. మీ గొయ్యికి మూడు పక్కల గోడలకు సెంట్రింగ్ కట్టారు, నాలుగో పక్క వాలుగా తెరిచి ఉంచారు. నీళ్ల ట్యాంకుకు వాలు దారి అక్కర్లేదు. దిగుడు అడుగు భాగం నేల కిందికి పోతోందేమో. అలా అయితే పైకి కనబడే ఎత్తు తక్కువైనా దిగుడు పెద్దదవుతుంది. దీనికి చక్కటి ఉదాహరణ ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో 1994లో వచ్చిన నెమెసిస్. అక్కడ చెట్ల తలల కంటే ఎత్తుగా కట్టకూడదన్న నిబంధన ఉంది. దాంతో రాతిని పేల్చి గోతులు తీసి, కోస్టర్‌ను కిందికి దించారు. నేల మీద ఎత్తు 13 మీటర్లే, దిగుడు మాత్రం 31 మీటర్ల పైమాట. బయట నిలబడి స్తంభాలు కొలిచినవాళ్లకు ఆ రైడ్ ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

అదే పార్కు 2010లో థర్టీన్ అనే కోస్టర్ తెరిచింది. అసలు రహస్యం ఒక భవనం లోపల ఉంది: బండి ఆగిన ట్రాక్ ముక్కే నిలువుగా కిందికి పడిపోతుంది, తర్వాత బండి వెనక్కి పోతుంది. బయటి ఫోటోల్లో అదో మామూలు షెడ్డు. మీ స్థలంలో కిటికీల్లేని పెద్ద షెడ్డు ఏదైనా లేచి, ట్రాక్ అందులోకి పోయి బయటికి వస్తుంటే, లోపల ఏముందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరని గుర్తుంచుకోండి.

ప్రభుత్వ కాగితాలు వెతకమని కూడా సలహా ఇస్తాను, ఎక్కడ ఏవి అందుబాటులో ఉంటాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో పెద్ద రైడ్ కట్టాలంటే స్థానిక కౌన్సిల్‌కు డ్రాయింగులతో దరఖాస్తు పెట్టాలి, అవి ఎవరైనా చూడొచ్చు. థార్ప్ పార్క్‌లో 2024లో తెరిచిన 72 మీటర్ల హైపీరియా, ప్రాజెక్ట్ ఎక్సోడస్ అనే మారుపేరుతో ఉన్నప్పుడే దాని ఆకారం అభిమానులందరికీ తెలుసు. అమెరికాలో 200 అడుగులు, అంటే 61 మీటర్లు దాటే కట్టడానికి ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు ముందుగా తెలియజేయాలి, ఆ వివరాలూ బయటికి కనబడతాయి. ఒక్క జాగ్రత్త: తాత్కాలికంగా తెచ్చే క్రేన్‌కు కూడా అలాంటి కాగితం పెడతారు. క్రేన్ ఎత్తును కోస్టర్ ఎత్తుగా చదివి సంబరపడినవాళ్లను చూశాను.

పార్కు వదిలే టీజర్లు, రిజిస్టర్ చేసిన పేర్లు, ట్రాక్ రంగు, వీటికి నేను పెద్దగా విలువివ్వను. వాడని పేర్లు కూడా ముందే రిజిస్టర్ చేసి పెట్టుకుంటారు. నీలం రంగును బట్టి నీళ్ల కథ అనుకోవడం సరదాకు బాగుంటుంది, అంతే.

తెరిచే తేదీ గురించి ఎవరితోనూ పందెం కట్టకండి. చివరి ట్రాక్ ముక్క బిగించాక కూడా నెలల పని ఉంటుంది. ముందు బండి చుట్టూ మనిషి చేతులు, కాళ్లు అందేంత కొలతతో చట్రం కట్టి, దారంతా నెమ్మదిగా లాగి ఎక్కడా తగలడం లేదని చూస్తాం. తర్వాత ఖాళీ బండి, ఆపైన నీళ్లు నింపిన బొమ్మలతో బండి, వందలసార్లు తిరుగుతుంది. ఒక్కో బ్రేకును కావాలని ఆపి చూస్తాం, ఒక్కో సెన్సార్‌ను పీకి చూస్తాం. సీడార్ పాయింట్‌లో 128 మీటర్ల పాత టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌కు వెనక అంతే ఎత్తు టవర్ జతచేసి, 2024 మేలో టాప్ థ్రిల్ 2గా తెరిచారు. వారం దాటగానే ఆపాల్సి వచ్చింది, మళ్లీ 2025లో నడిచింది. అంత అనుభవమున్న పార్కుకే అలా జరిగింది. మీ పార్కు ఆలస్యం చేస్తే తిట్టకండి, లోపల ఎవరో ఒక బోల్టు గురించి నిద్ర మానుకుని ఉంటారు.

నేనున్న ఒక సైట్‌లో మొదటిసారి బండి వదిలింది తెల్లవారుజామున, చలిలో. కొత్త చక్రాలు, బేరింగుల్లో గ్రీజు గట్టిగా ఉంది. బండి మొదటి కొండ దిగింది, రెండోది ఎక్కింది, మూడో దాని అంచు దాకా పాకి, ఒక్క క్షణం నిలబడి వెనక్కి జారింది. అటూ ఇటూ ఊగి పల్లంలో ఆగిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మా పెద్ద మేస్త్రీ వెళ్లి చక్రం మీద అరచెయ్యి ఆనించి "ఇంకా చల్లగా ఉందయ్యా" అన్నాడు. వించితో లాగి తెచ్చి మధ్యాహ్నం ఎండెక్కాక మళ్లీ వదిలితే ఆ కొండను అవలీలగా దాటింది. మీరు టెస్టింగ్ వీడియోల్లో ఇలా ఆగిన బండి చూస్తే రైడ్ పాడైందని ప్రచారం చేయకండి, చాలా కోస్టర్లకు అది మొదటి రోజుల్లో జరిగేదే.

ఒక విన్నపం. కంచె దాటకండి, సైట్ మీద డ్రోన్ ఎగరేయకండి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు రాత్రిపూట ఫోటోల కోసం కంచె దూకి, ఊచలు కట్టి ఉంచిన గోతిలో పడ్డాడు. తెల్లారి మేం వెళ్లేసరికి కాలు విరిగి అందులోనే ఉన్నాడు, రాత్రంతా అరిచాడట, ఎవరికీ వినబడలేదు. నిలబెట్టిన ఊచల మొనల మీద పడి ఉంటే బతికేవాడు కాదు. అతనికీ మీలాగే కోస్టర్లంటే పిచ్చి. డ్రోన్ సంగతి కూడా అంతే, క్రేన్‌కు ట్రాక్ ముక్క వేలాడుతున్నప్పుడు అది దగ్గరికొస్తే ఆపరేటర్ చూపు చెదురుతుంది, కింద తాడు పట్టుకున్నవాళ్లుంటారు.

మీరు ఆ ఎత్తైన రైడ్ మీద నుంచే మళ్లీ ఫోటో తీయగలిగితే నాకు మూడు చోట్లు కావాలి. స్టేషన్ పలకకు అవతలి చివర, లిఫ్ట్ దిమ్మెలు ఎంతెంత దూరంలో ఉన్నాయో తెలిసేలా. ఆ 14 దిమ్మెల వరుస పక్క నేల, కేబుల్ కాలువ తవ్వారో లేదో చూడడానికి. గొయ్యి వాలు ముఖం ఎటు తిరిగి ఉందో తెలిసేలా ఒకటి, అది లిఫ్ట్ వైపు తిరిగి ఉంటే మొదటి దిగుడు అందులోకే. మిట్టమధ్యాహ్నం తీయండి, దిమ్మెల నీడలు ఒకదాని మీద ఒకటి పడవు. వీలైతే ఫ్రేములో కంటైనర్ ఉండేలా చూడండి. పెట్టగానే ఇక్కడే జవాబు రాస్తాను.